రోట్లో దంచిన ఇంగ్లీషు

మిర్యాలగూడలో మా టీచరమ్మ పోయిందని మొన్న కబురొచ్చింది. సూర్యాపేట బడిలో పాఠం చెప్తున్న. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు మాత్రం "హమ్మయ్య" అన్న. తిట్టుకోకండి. పక్షవాతంతో మంచాన పడి శానా అవస్థ పడ్డది తల్లి. అదీగాక, ఆమెకు చెప్పాల్సింది చెప్పగలిగిన.

నాది వేములపల్లి. పుట్టుకతోనే నత్తి. నేను నీళ్లడిగేలోపు కుండ ఎండిపోతదని ఊళ్లె ఎకసెక్కాలాడేది. నాయిన లేడు, అమ్మ కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. ఎంత చదివినా నోరు తెరవకపోతే పంతులమ్మ నౌకరీ ఎవరిస్తరు?

టీచరమ్మది కోదాడ దిక్కు, ఉండేది మిర్యాలగూడల. మాట మెత్తన, పట్టు గట్టిది. ఒకనాడు ఇంగ్లీషు చెప్పించుకుందామని పోతే పెరట్ల వడ్లు దంచుతున్నది. నాకో రోకలిచ్చి ఎదురుగ నిలబెట్టింది. ఒక్క రోట్లో ఇద్దరం. ఆమెది లేస్తే నాది పడాలె. తడబడితే రోకళ్లు కొట్టుకుంటయి. పోటు పోటుకూ "హుఁ" అని ఊపిరి వదలాలె.

"ఇప్పుడు చెప్పు, నేషన్" అన్నది. నా పోటుతో పాటే మాట జారిపడ్డది. నేనే బిత్తరపోయిన.

"వెనకాల 'అల్' తగిలించు, 'ఐజ్' తగిలించు. ముందర 'ఇంటర్' పెట్టు."

ఇన్-టర్-నే-ష-న-లైజ్. ఆరు ముక్కలు. 'నే' మీద గట్టి పోటు, మిగిలినవాటికి రోకలి ఊరికే ఆనాలె.

"ఎంతమంది చుట్టాలొచ్చినా ఇంటిపెద్ద గొంతు వినబడాలి కదమ్మా" అనేది.

దంచీ దంచీ ఆ ఏడు ఆమె ఇంట్ల అన్నీ నూకలే. "మాట నిలబడుతోంది, బియ్యమే విరుగుతున్నాయి. పోనీలే, జావ కాచుకుందాం" అని నవ్వేది.

నౌకరీకి పిలుపొస్తే పోనని మొండికేసిన. "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే ఎట్లా? వెళ్లు" అని తోలింది.

అక్కడ పెద్దసారు ఇంగ్లీషు పేపరిచ్చి గట్టిగ చదవమన్నడు. కొత్తరకం నాగలి వ్యవసాయాన్ని మొత్తం మార్చేస్తదని రాసి ఉంది. ఆ మార్చడానికి పెట్టిన మాట 'రెవల్యూషనైజ్'. ఎన్నడూ దంచని మాట! అయినా రెవల్యూషనంటే విప్లవమాయె, ఇప్పటి రోజుల్ల ఈ దిక్కు పోలీసుల భయానికి ఆ మాట అనాలంటే నత్తి లేనోళ్లకే నోరు పెగలదు. 'రె' కాడనే ఆగిపోయిన. అమ్మ ముఖం కండ్ల ముందట మెదిలింది. చెయ్యి దానంతటదే లేచింది.

"రె-వ... హుఁ! లూ!" పిడికిలి సారు బల్ల మీద పడ్డది. సిరాబుడ్డి ఎగిరింది. "ష-నైజ్!"

"ఏందమ్మా, వడ్లు దంచుతున్నవా?" అన్నడు సారు.

"అవును సార్" అన్న.

కడుపు పట్టుకొని నవ్విండు. "కానియ్, మిగిలింది గూడ దంచు!" నౌకరీ ఇచ్చిండు. ఎంత బరువు దిగిందో నాకే తెలుసు.

ఆ సంగతి చెప్దామని మిర్యాలగూడకు ఉరికితే టీచరమ్మ దవాఖానల ఉన్నది. మాట పడిపోయింది. పక్కన కూసొని అంతా చెప్పిన. అక్కడక్కడ నత్తి వచ్చింది, వస్తే వచ్చిందనుకున్న. ఇగ అమ్మ కూలి మానిందని చెప్తే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బాగున్న చెయ్యి ఊపి, ఇంకా చెప్పమని సైగ చేసింది. చెప్పడానికి ఏం మిగల్లే. అయినా చెయ్యి ఊపుతనే ఉన్నది. బస్సుల ఒకామె మేకపిల్లకు గూడ టిక్కెట్టు తీసుకోనని కండక్టరుతో కొట్లాడిన ముచ్చట చెప్పిన. కండ్లు మూసుకొని, నవ్వుకుంట విన్నది.