చిక్కుడు పందిరి కింద నల్లబడ్డ గోడ

మేడ్చల్‌లో మేం కొనుక్కున్న ఫ్లాటు పాతది. మూడంతస్తుల భవనం, లిఫ్టు లేదు, మాది పై అంతస్తు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగాల కోసం వచ్చి, చాలా ఏళ్ళు అద్దె ఇళ్ళలో తిరిగాక మా చేతికి అందిన ఇల్లు అదే. మా ఆయన తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తారు. పొద్దున్నే క్యాబు వచ్చి ఎక్కించుకుపోతుంది. నేను దగ్గర్లోని బడిలో తెలుగు చెబుతాను. అమ్మాయి కాలేజీ హాస్టల్లో ఉండేది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే.

సామాన్లు ఇంకా సర్దుకుంటుండగానే ఒక పెద్దావిడ తలుపు తట్టి లోపలికి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, ఒక చేతిలో ఖాళీ బకెట్టు, ఇంకో చేతిలో ఆకుకూర కట్ట పట్టుకుని ఉంది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

చెప్పాను.

"అబ్బో, మస్తు దూరమే. ఇగో, పుంటికూర తీస్కో. ఇప్పుడే పైన తెంపిన."

"మా వైపు దీన్ని గోంగూర అంటామండీ."

"ఏదన్న అనుకో, పుల్లగుంటె సాలు."

ఆ రోజు నుంచి ఆమె నాకు అవ్వ అయింది. ఆ భవనం కట్టిన స్థలం ఒకప్పుడు వాళ్ళ పొలమే. బిల్డరుకు ఇచ్చినందుకు వాటాగా కింది అంతస్తులో ఫ్లాట్లు వచ్చాయి. చిన్న కొడుకుతో కలిసి అక్కడే ఉండేది. అతను ప్లాట్లు అమ్మించే పనిలో ఉండేవాడు, నాయకుల వెంట కూడా తిరిగేవాడు. అవ్వకు మాత్రం ఫ్లాటులో కాలు నిలిచేది కాదు. "గిదంతా మా చెల్కనే బిడ్డా. జొన్నలు, కందులు ఏస్తుంటిమి. ఇప్పుడు నాకు గీ డాబానే మిగిలింది" అనేది నవ్వుతూ.

డాబా మీద ఆమె చేసిన సేద్యం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఇటుకలు వరసగా పేర్చి, మధ్యలో ఎర్రమట్టి పోసి మడులు కట్టింది. వాటిలో తోటకూర, పాలకూర, పుంటికూర, మిరప. పిట్టగోడ వారగా, సగానికి కోసిన డ్రమ్ముల్లో చిక్కుడు పాదులు పెట్టి, వెదురు కర్రలతో పందిరి వేసింది. సాయంత్రం బడి నుంచి వచ్చి, నేను టీ గ్లాసులు తీసుకుని పైకి వెళ్ళేదాన్ని. ఆ పందిరి కింద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆవ పెట్టి చిక్కుడుకాయ కూర వండి ఇస్తే, "ఇదేంది, ఘాటు ముక్కుల కొడ్తాంది" అంటూనే గిన్నె ఖాళీ చేసింది. పుట్టిన ఊరు వదిలి వచ్చాక ఇంకొకరితో అంత చనువుగా కూర్చున్నది ఆ డాబా మీదే.

రెండో ఏడు వానాకాలంలో మా ఆయనకు దగ్గు పట్టుకుంది. మందులు వాడితే తగ్గేది, మళ్ళీ వచ్చేది. మాట మధ్యలో దగ్గు తెర వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ల్యాబులో వాడే రసాయనాల వల్లేనని మాకు గట్టి అనుమానం. ఆయన వేరే సెక్షనుకు మార్చమని అడిగి మార్పించుకున్నారు కూడా. తగ్గలేదు. దసరా సెలవుల్లో మా పుట్టింటికి వెళ్ళినన్నాళ్ళూ ఒక్కసారి కూడా దగ్గలేదు. తిరిగి వచ్చిన మర్నాడే మొదలైంది. డాక్టరుకి ఆ సంగతి చెబితే, "మీ ఇంట్లో గోడలకు చెమ్మ ఉందా?" అని అడిగాడు.

ఇంటికి వచ్చి పడకగదిలో బీరువా పక్కకు జరిపాం. వెనక గోడంతా మసి పూసినట్టు నల్లగా ఉంది. పైకప్పు అంచు నుంచి కిందికి దిగి, బీరువా అడుగు దాకా పాకింది. ముక్కుపుటాలకు పట్టేసే ముక్కిపోయిన వాసన. ఆ గోడకు ఆనించి ఉన్నది మా మంచం తలాపే. గాలిలో నలుసు కూడా ఉండకూడని గదుల్లో పగలంతా పనిచేసే మనిషి, ఇంటికి వచ్చి ఈ బూజు పీల్చుకుంటూ నిద్రపోతున్నాడు.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళతో తోమాను. తెల్లబడింది. ఆరాక రంగు వేయించాం. నెల తిరగకముందే రంగు పొక్కులు లేచి, వాటి కింద నుంచి నల్ల చుక్కలు మళ్ళీ బయటికి వచ్చాయి. ఇంకోసారి గీకించి, చెమ్మ ఆపుతుందని చెప్పిన ఖరీదైన రంగు వేయించాం. అదీ నిలవలేదు. చివరికి మా ఆయనే, "నీళ్ళు వచ్చే దారి కనుక్కోకుండా గోడను తోమితే ఏం లాభం?" అన్నారు. ఇద్దరం డాబా మీదికి వెళ్ళి, మా పడకగదికి సరిగ్గా పైన ఏముందో చూశాం.

తోటకూర మడి ఉంది. ఒక ఇటుక జరిపి చేయి పెడితే కింద స్లాబు మెత్తగా, తడితడిగా తగిలింది. పిట్టగోడ కలిసే చోట పగులు ఉంది. అందులోకి మొక్కల వేళ్ళు దిగి ఉన్నాయి. ఇంతకాలం మేం ఇష్టంగా తిన్న కూరలకు పోసిన నీళ్ళే మా గోడలోకి దిగుతున్నాయి.

అవ్వకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెయ్యి పట్టుకుని పడకగదిలోకి తీసుకువెళ్ళి గోడ చూపించాను. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి వేలితో రాసి చూసుకుంది. వేలు నల్లబడింది.

"గిది నా మడి నీళ్ళతోనా బిడ్డా?"

"అవును అవ్వా. ఆయన దగ్గు కూడా దీనివల్లేనట."

ఆ వేలు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "నాకెట్ల ఎర్కయితది? ఎర్కుంటే పోస్తునా?" అంది. "మడులు రేపే తీసేస్త. చిక్కుడొక్కటి పూత మీదున్నది. కాపు ఒడిసినంక దాన్ని గూడ నేనే పీకేస్త. అంతదన్క ఆగుతవా?"

ఆగుతానన్నాను. మా ఆయన కూడా సరేనన్నారు. ఆయన మంచం హాల్లోకి మార్చాం. అవ్వ అన్న మాట ప్రకారం మర్నాటి నుంచే మడి మట్టి బకెట్లకు ఎత్తి కొద్దికొద్దిగా కిందికి దించడం మొదలుపెట్టింది. నేనూ సాయం చేశాను. స్లాబు బాగు చేయడానికి ఎంత పని పడుతుందో తెలుసుకుందామని మేం ఒక మేస్త్రీని పిలిచాం. అతను వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళాడు. అతను అవ్వ కొడుక్కి తెలిసినవాడేనని మాకు తెలియదు.

ఆ వారంలోనే ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి గేటు ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. ట్రాలీ నిండా ఎర్రమట్టి. దాని మీద చిక్కుడు తీగలు పూలతో సహా ముద్దగా పడి ఉన్నాయి. అవ్వ కొడుకు ఫోనులో మాట్లాడుతూ నన్ను చూసి ఆపాడు.

"మేడం, ముందుగాల్నే నాకు జెప్పాలె గదా! మేస్త్రీ జెప్తే తెలిసింది. ఇగ పరేషాన్ గాకుండ్రి, అంత తీపిచ్చిన. మా అమ్మకు ఎన్నిసార్లు జెప్పినా ఇనకపాయె."

"కాపు అయ్యేదాకా ఆగుదామని అవ్వా నేనూ అనుకున్నామండీ."

"చిక్కుడుకాయలు మార్కెట్ల దొరుకుతయి మేడం" అని నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు. మాకు మేలు చేశాననే అనుకున్నాడు.

పరుగున పైకి వెళ్ళాను. డాబా బోసిగా ఉంది. అవ్వ వంగి చీపురుతో మిగిలిన మట్టి ఊడుస్తోంది. చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.

"మట్టి మిగిల్తే మల్ల నీళ్ళు ఆగుతయి బిడ్డా" అంది.

"అవ్వా, మీ అబ్బాయికి నేను చెప్పలేదు. ఒట్టు."

"ఎవలు జెప్తేంది. నీ పెనిమిటి మంచిగుంటే సాలు."

నన్ను నమ్మే ఆ మాట అందో, నమ్మకపోయినా నొప్పించడం ఇష్టం లేక అందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె చూపు చీపురు మీదే ఉంది.

తర్వాత అన్నీ అనుకున్నట్టే జరిగాయి. స్లాబు పైపూత చెక్కి, పగుళ్ళు పూడ్చి, నీళ్ళు దిగకుండా పూత వేశారు. ఎండాకాలమంతా గోడను ఆరనిచ్చి రంగు వేయించాం. బూజు మళ్ళీ రాలేదు. మా ఆయన దగ్గు మెల్లమెల్లగా తగ్గిపోయింది. అవ్వ మాత్రం మా అంతస్తుకు రావడం మానేసింది. నేనే కూరగిన్నె పట్టుకుని కిందికి వెళితే, "కూసో బిడ్డా" అని కుర్చీ చూపించేది. టీవీ మోగుతూ ఉండేది. ఇద్దరి చేతుల్లోనూ పని లేకపోయేసరికి మాకు మాటలు దొరికేవి కావు. కొన్నాళ్ళకు లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నేను బడిలో ఉన్నాను.

ఒక ఆదివారం ఇద్దరం శామీర్‌పేట మీదుగా బండి మీద వెళ్ళి చూసి వచ్చాం. ఇల్లు ఒక కొత్త లేఅవుట్ మధ్యలో ఉంది. అవ్వ మమ్మల్ని చూసి సంతోషించింది. పక్కనే ఇంకా ఎవరూ కట్టుకోని ప్లాటులో పాలకూర, మెంతికూర చల్లింది, తీసుకువెళ్ళి చూపించింది. ఆ ప్లాటు ఎవరిదో ఆమెకు తెలియదు.

"మన స్లాబు గట్టిపడింది అవ్వా. ఇనుప స్టాండ్ల మీద కుండీలు పెట్టుకుంటే ఏమీ కాదట. నేను పెట్టిస్తాను, వచ్చేయకూడదూ?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. మొక్కకు నీళ్ళు పోసేటప్పుడల్ల నీ గోడనే యాదికొస్తది."

వస్తుంటే సంచి నిండా కూర ఇచ్చింది. దారిలో మా ఆయన ఏదో చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు. స్టాండ్ల ఆలోచన మాకు ఎందుకంత ఆలస్యంగా వచ్చిందా అనుకుంటూ కూర్చున్నాను. మొదటిసారి రంగు పొక్కినప్పుడే పైకి వెళ్ళి చూసి ఉంటే, మడి ఎత్తి కుండీల్లో పెట్టుకుందామని ఇద్దరం నవ్వుతూ అనుకుని ఉండేవాళ్ళం. అప్పటికి పగులు అంత లోతుగా లేదేమో కూడా.

మళ్ళీ వెళ్ళాలని అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. మొన్న గేటు దగ్గర అవ్వ కొడుకు కనిపిస్తే అడిగాను. అమ్మ బాగానే ఉందని, ఆమె ఆకుకూరలు చల్లిన పక్క ప్లాటులో ఇప్పుడు ఇల్లు లేస్తోందని చెప్పాడు.