పళ్లెం మీద రెండు చేతులు

మొన్న అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో మా ఇంటికి భోజనానికొచ్చిన ఓ కుర్రాడు, నా భార్య గరిటె ఎత్తీ ఎత్తగానే "చాలాంటీ, ప్లీజ్!" అంటూ పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నాకు నవ్వొచ్చి పొలమారింది. వాడికేం తెలుసు, ఆ విద్య తెలియక మా కోచ్ ఒకప్పుడు ఎంత అవస్థ పడ్డారో!

ఎనభైల మొదట్లో ఆయన మా హైస్కూల్లో ఆల్జీబ్రా చెప్పేవారు. కాలేజీ రోజుల్లో, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు. మోకాలు విరిగి ఆట ఆగిపోతే పంతులయ్యారు, మా టీమ్‌కి కోచ్ కూడా అయ్యారు. లంచ్ టైమ్‌లో నేను బంతి తన్నడం చూసి, "నువ్వే నా కిక్కర్‌వి" అన్నారు. కిక్కరంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నేవాడు; అలా తన్నితే మూడు పాయింట్లు. అప్పటిదాకా ఆ స్కూల్లో నేను పులిహోర డబ్బా దాచుకుని ఓ మూల తినే పిల్లాణ్ణి. నన్నొకరు ఏరికోరి పిలవడం అదే మొదలు. తీరా అమ్మ ససేమిరా అంది. "గొడ్లలా కుమ్ముకునే ఆటా? కాలు విరిగితే నీ కోచ్ అతికిస్తాడా?"

సంగతి తెలిసి ఆయనే ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు. అమ్మ ముద్దపప్పు, గోంగూర, వంకాయకూర వడ్డించింది. పళ్లెంలో మెతుకు వదలకూడదని వాళ్లమ్మ ఆయనకు నేర్పిందట. అతిథి పళ్లెం ఖాళీగా ఉంటే ఇంటికి అప్రతిష్ఠని మా అమ్మమ్మ అమ్మకు నేర్పింది. ఇంకేముంది! ఆయన ఊడ్చేయడం, అమ్మ నింపేయడం. గోంగూర ఘాటుకి ఆయన ముఖం కందగడ్డ అయింది, అయినా వెనక్కి తగ్గరు. నాన్న నవ్వాపుకుంటూ గోడవైపు తిరిగారు. చివరికి జాలేసి, చేతులు అడ్డం పెట్టమని నేనే చెవిలో చెప్పాను. "చాలు మ్యామ్, చాలు!" అన్నారు, రెండు చేతులూ పళ్లెం మీద పరిచేసి.

అప్పుడు ఆయన మోకాలు తడుముకుంటూ చెప్పింది నాన్న తెలుగులో చెప్పారు: "మోకాలు నొప్పి మొదలైనప్పుడే తనని ఆపేవాళ్లు ఎవరూ లేకపోయారట. మనవాడికి నొప్పొస్తే తను ఆపుతాడట."

అమ్మ ఆ ఖాళీ పళ్లెం వైపు చూసింది. "పెట్టిన మెతుకు పారెయ్యని మనిషి, పిల్లాణ్ణి పారేస్తాడా? ఆడనీండి" అంది.

పక్క ఊరి స్కూల్‌ని మావాళ్లు ఏనాడూ ఓడించలేదు. వాళ్లతో ఆడిన ఓ శనివారం, ఆట చివరి క్షణాల్లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. "లంచ్ టైమ్‌లో తన్నినట్టే తన్ను" అన్నారు కోచ్. తన్నాను. బంతి స్తంభాల మధ్య నుంచి దూసుకెళ్లింది! అబ్బ, ఆ కేక! టీమంతా నన్ను భుజాల మీదికెత్తింది. అక్కణ్ణుంచి చూస్తే, పట్టుచీర మీద ఓవర్‌కోటు వేసుకున్న మా అమ్మ బెంచీ ఎక్కి నిలబడి, కోచ్‌కేసి లేని గరిటెతో గాలిలోనే వడ్డిస్తోంది. కింద ఆ కొండంత మనిషి కళ్లనీళ్లతో నవ్వుతూ, లేని పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. కాలం మాత్రం ఆ మధ్యాహ్నాన్ని నాకు కొసరి కొసరి వడ్డిస్తూనే ఉంది. నేనే ఇంకా చేతులు అడ్డం పెట్టలేదు.