కటింగ్ మాస్టారి ఎడమ దండ

యూనిఫారాలు కుట్టే ఆ దుకాణంలో కటింగ్ మాస్టారిది ఇరవై ఆరేళ్ల ఏకచ్ఛత్రాధిపత్యం. సామ్రాజ్యం పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఐదు. ఆ బల్ల మీద ఎనిమిది మడతల గుడ్డ పరిచి, పక్కకి ఒరిగి, ఎడమ చేతి దండతో జారకుండా అదిమిపెట్టి కోసేవాడు.

నిరుడు డాక్టరమ్మ ఆ దండ వెనకే సెన్సర్ అతికించి, నడుముకి ఇన్సులిన్ పంపు తగిలించింది. సెన్సర్ ఒంట్లో చక్కెర ఎంతుందో చెబుతుంది. దాన్నిబట్టి పంపు మందు వదులుతుంది, చక్కెర తగ్గితే ఆపేస్తుంది. ఇంతవరకు వైద్యశాస్త్రం. ఆపైన కుటుంబశాస్త్రం. ఆ అంకెలు తన తమ్ముడి ఫోన్లోనూ కనబడేట్టు ఇల్లాలు ఏర్పాటు చేసింది. ఆ తమ్ముడు అదే దుకాణంలో మూడో మిషను దగ్గర కూర్చుని, బావగారి బల్ల మీద ఎనిమిదేళ్లుగా కన్నేసి ఉన్నవాడు.

బళ్లు తెరిచే ముందు కోత పని పెరిగిన ఒక వారంలో, దుకాణంలో ఉండగానే మూడుసార్లు ఫోన్లో అలారం మోగింది.

"బావా, కత్తెర కింద పెట్టు. చక్కెర పడిపోయింది."

"నాకేం కళ్లు తిరగడం లేదురా. నీ మొహం కూడా స్పష్టంగానే కనిపిస్తోంది, నా ఖర్మ."

"పడ్డాక చెబుతావా? తాగు." గ్లాసెడు పంచదార నీళ్లు.

ఓనరు గడప దగ్గరే నిలబడి తీర్మానం చదివాడు. "మాస్టారూ, ఇంకొక్కసారి ఇలా అయితే బల్ల మీ బావమరిదికి. కత్తెర పట్టుకుని మీరు పడిపోతే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది నేను."

ఆదివారం ఇంట్లో ఆ అలారం కిక్కురుమనలేదు. మాస్టారికి అనుమానం వచ్చింది, పరికరం మీద కాదు, బావమరిది మీద. వాడే ఫోన్లోంచి ఏదో నొక్కుతున్నాడని ఆస్పత్రి నర్సుకి ఫిర్యాదు చేశాడు.

"అదేం కుదరదండి. సెన్సర్ ఉన్న చేతి మీద పడుకుంటున్నారా?"

"పడుకోను. కోస్తాను."

"ఏదైనా ఒకటే. అక్కడ బరువు పడితే లేని తగ్గుదల చూపిస్తుంది. మోగితే వెంటనే వేలు పొడిచి రక్తం మీటర్లో చూసుకోండి."

బావమరిదే దొంగ అనుకోవడంలో ఉన్న సుఖం ఈ మాటలో లేదు. అయినా మర్నాడు మీటరు జేబులో వేసుకెళ్లాడు.

పదకొండింటికి మోగింది. బావమరిది గ్లాసుతో, ఓనరు గంభీరంగా హాజరయ్యారు. మాస్టారు చేయి కడుక్కొచ్చి, వేలు పొడిచి, రక్తపు చుక్క పట్టీకి అద్దాడు. రెండువందల పన్నెండు.

"నీ ఫోన్లో ఎంతరా?"

"యాభై ఎనిమిది."

"నా బరువు పడి అది తక్కువ చెప్పడం, పంపు మందు ఆపడం, పైనుంచి నువ్వు పంచదార పొయ్యడం. చంపడానికి ఇంత శ్రద్ధ శత్రువు కూడా చూపించడు."

"ప్రేమతో పోశాను బావా."

"బల్ల మీద ప్రేమతో."

బల్ల మాస్టారిదేనని ఓనరు తేల్చాడు. కాకపోతే ఇక ఒరగకూడదు, గుడ్డ మీద ఇనప దిమ్మలు పెట్టుకోవాలి, కొత్తగా పని నేర్చుకునేవాళ్లలాగా. దిమ్మలు తెచ్చింది బావమరిదే. ఒక్కొక్కటీ అవసరమైనదానికన్నా గట్టిగా దించాడు.

మాస్టారు ఫోన్ తీసి, అంకెలు చూసేవాళ్ల జాబితాలోంచి వాణ్ని తీసేశాడు. ఐదు నిమిషాల్లో ఇల్లాలు ఫోన్ చేసింది.

"తమ్ముడికి మీ అంకె కనబడ్డం లేదట. బాగానే ఉన్నారా?"

"ఇప్పుడే కాస్త నయంగా ఉంది," అని మాస్టారు కత్తెర అందుకున్నాడు.