జనం రాని వేళ వెనిస్

2022 అక్టోబరు 22, శనివారం, సాయంకాలం నాలుగు గంటల పది నిమిషాలు. ఆకాశం సీసపు రంగులో ఉంది. వాన మంచుగా మారబోయి, మారలేక, కెనడాలోని సస్కటూన్ వీధుల మీద చిత్తడిగా పడుతోంది. దీపావళి సంబరానికి తెలుగువారు అద్దెకు తీసుకున్న హాలు గుమ్మంలో అరవై ఏడేళ్ళ పద్మిని ఒకామె భుజం మీద చనువుగా చెయ్యి వేసింది.

"శాంతా, ఈసారి పులిహోర ఎవరికి అప్పగించావే?"

"శాంత కాదాంటీ, నా పేరు నిఖిల. పులిహోర సంగతి నాకు తెల్వదు. ప్లేట్లు మాత్రం నాకే అప్పజెప్పిన్రు."

శాంత పద్మినికి ముప్ఫై ఏళ్ళుగా స్నేహితురాలు. షష్టిపూర్తి కూడా అయిన మనిషి. నిఖిలకు ఇరవై మూడేళ్ళు. నల్గొండ నుంచి వచ్చి యూనివర్సిటీలో వ్యవసాయశాస్త్రం చదువుకుంటూ, తెల్లవారకముందే ఒక బేకరీలో పనిచేసుకునే పిల్ల. వీరిద్దరిలో ఎవరిని చూసి ఎవరనుకోవటానికీ వీలు లేదు. పద్మిని నవ్వేసి ముందుకు నడవబోయింది. నిఖిల ఆమె మోచెయ్యి పట్టుకొని, జనంలోంచి తప్పించి, గోడవారన కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీకు నా మొహం కనిపిస్తలేదు గదా ఆంటీ? మా నాయనమ్మ సుత ఇట్లనే, మనిషి ఎదురుగుంటే చూపు పక్కకు పెట్టి మాట్లాడుతుండె."

ఏడాదిగా పద్మిని దాచుకొన్న సంగతి అది. రెండు కళ్ళలోనూ చూపుకు నడిమధ్య ఒక మసక మచ్చ పడింది. ఎవరి ముఖం వైపు తేరి చూస్తే ఆ ముఖమే చెరిగిపోతుంది. చుట్టూ ఉన్నవి మాత్రం కనిపిస్తాయి. అంచులతో చూడటం ఆమె మెల్లగా నేర్చుకొన్నది. కాని జనం క్రిక్కిరిసిన చోట ఆ అంచులు కూడా చేతులతో, భుజాలతో, కోట్లతో నిండిపోయి ఏమీ మిగలదు. ఒకప్పుడు ఈ సంబరానికి నలభై కుటుంబాలు వస్తే గొప్ప. ఇప్పుడు కాలేజీల్లో చేరిన పిల్లలతో హాలు పట్టటం లేదు. ఆ పిల్లలను చూస్తే పద్మినికి ముచ్చటే. అయితే ఆనాడు ఆమెకు కనిపించింది ముచ్చట కాదు, కదులుతున్న గోడ.

భోజనాల వేళ శాంత భర్త రాజగోపాల్ మైకు అందుకొన్నాడు. ఆయన రిటైరైన డాక్టరు. ప్రయాణాలు ఏర్పాటు చేయటంలో ఆయనకున్న ఉత్సాహం ప్రయాణంలో ఉండదని శాంతే అంటుంది. వచ్చే జూనులో యూరప్ యాత్ర, పద్నాలుగు రోజుల్లో పది దేశాలు, ఏసీ బస్సు, రెండు పూటలా పప్పూ అన్నమూ అని ఆయన ప్రకటించాడు.

"పోయినసారి పారిస్ చూశారా అన్నయ్యగారూ?" అని అడిగింది పద్మిని.

"చూశామమ్మా. బస్సు ఆ పక్కనుంచే పోయింది."

"ఆయన నిద్రపోతుంటే నేను చూశాను లెండి," అన్నది శాంత. "నువ్వూ రా పద్మినీ. ఎంతకాలం ఒక్కదానివీ ఇంట్లో కూర్చుంటావు?"

"నేను వెనిస్ వెళ్తాను. ఒక్క ఊరే. జనవరిలో."

"జనవరిలోనా? చలి కదే!"

"శాంతా, మనం ఉండేది సస్కటూన్‌లో. అక్కడ జనవరి అంటే మనకు ఏప్రిల్."

ఆ మాటకు బల్ల చుట్టూ ఉన్నవారంతా నవ్వారు. పద్మిని నవ్వలేదు.

వెనిస్ ఎందుకన్నది చెప్పాలంటే ఆమె ఉద్యోగం సంగతి చెప్పాలి. తెనాలిలో బోటనీ చదివి, పెళ్ళయి, 1981లో భర్త త్యాగరాజుతో ఈ ఊరు వచ్చిన పద్మిని ఇరవై తొమ్మిదేళ్ళు విత్తనాల పరీక్షశాలలో పనిచేసింది. బస్తాలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గుప్పెడేసి గింజలు తీసి, భూతద్దం కింద పరచి, ఏది మొలకెత్తుతుందో ఏది ఎత్తదో తేల్చటం ఆమె పని. ఆ గదిలో ఆమె బల్లకు ఎదురుగా, ఇటలీ నుంచి వచ్చిన సహోద్యోగి తగిలించిన పాత క్యాలెండరు ఒకటి ఉండేది. అందులో వెనిస్‌లోని పెద్ద చర్చి పైకప్పు బొమ్మ. అదంతా రంగు పూసింది కాదనీ, బంగారు రేకు పొదిగిన చిన్న చిన్న గాజుముక్కలు, గింజంతేసివి, ఒక్కొక్కటే అతికించి కట్టిందనీ అతను చెప్పాడు. గింజలతో బతికిన మనిషికి ఆ మాట మనసులో నాటుకొన్నది. రిటైరయ్యాక చూద్దామనుకొన్నది. రిటైరయిన మరుసటి ఏడు త్యాగరాజు మంచాన పడ్డాడు. ఆయన పోయాక కరోనా వచ్చింది. కరోనా సద్దుమణిగేసరికి కంట్లో మచ్చ వచ్చింది. కంటికి ఇంజెక్షన్లు ఇస్తున్న డాక్టరు, ఈ శీతాకాలం వరకు అంచుల చూపుకు భయం లేదనీ, ఆపైన తాను మాట ఇవ్వలేననీ అన్నాడు. ఒక ఇంజెక్షనుకూ మరొకదానికీ మధ్య జనవరిలో రెండు వారాలు మాత్రమే ఖాళీ ఉంది. పండుగ సెలవులు ముగిసి, అక్కడి ముసుగుల ఉత్సవం ఇంకా మొదలుకాని ఆ రెండు వారాలే వెనిస్‌లో యాత్రికులు పలచబడే రోజులు కూడా. ఆమెకు ఇంతకన్న ముహూర్తం అక్కరలేదు.

దీపావళి తరువాత నిఖిల ఆదివారాలు వచ్చిపోతుండేది. పద్మిని ఉప్మా చేసి పెట్టేది. నిఖిల బేకరీ నుంచి రొట్టె తెచ్చేది. దారి చూపే మనిషి తోడుంటే ఇక అడ్డేముందని పద్మిని నవంబరు మొదట్లో ఎవరినీ అడగకుండా రెండు టిక్కెట్లు కొని, కాగితాలు పిల్ల ముందు పెట్టింది.

నిఖిల వాటిని చదివి తిరిగి పద్మిని చేతిలో పెట్టింది.

"ఏమ్మాయ్, సెలవు దొరకదా?"

"సెలవు కాదాంటీ. నాకు వీసా కావాలె."

"వీసా దేనికి? మేమెన్నిసార్లు వెళ్ళలేదూ? ఎవరూ ఏమీ అడగలేదే."

"మీది కెనడా పాస్‌పోర్ట్. నాది ఇండియాది. స్టడీ పర్మిట్ చూపించినా యూరప్ వాళ్ళు రానియ్యరు. వేరే అప్లై చెయ్యాలె, స్లాట్ దొరకాలె, ఎడ్మంటన్ పోయి వేలిముద్రలు ఇయ్యాలె."

పద్మిని చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. ఆ ఇండియా పాస్‌పోర్టు ఒకప్పుడు తనకూ ఉండేది. ప్రతి సరిహద్దు దగ్గరా పక్క వరుసలో నిలబెట్టిన అధికారుల ముఖాలు ఒకనాడు తనకూ తెలుసు. సింహాసనం ఎక్కినవారు మెట్లు మరచినట్టు, నలభై ఏళ్ళలో తానది పూర్తిగా మరచిపోయింది. ఆ మరపు కంటిమచ్చకన్న పెద్దదిగా ఆమెకు తోచింది.

"అడక్కుండా కొన్నాను. తప్పు నాది," అన్నది.

"తప్పేముందాంటీ. ముందు స్లాట్లు చూద్దాం."

ఆ నెలంతా చూశారు. నిఖిల క్లాసుల మధ్య, పొయ్యిలో రొట్టెలు ఉన్నంతసేపూ ఫోను తెరిచి చూసేది. దొరికిన మొదటి స్లాటు మార్చి చివర. డిసెంబరు మొదటి ఆదివారం నిఖిల టిక్కెట్టు రద్దు చేశారు. ఆ సాయంకాలమే కెనడా తూర్పున కిచెనర్ అనే ఊళ్ళో ఉన్న కూతురు విద్య ఫోను చేసింది.

"మామ్, దట్స్ ఇట్. క్యాన్సిల్ యువర్స్ టూ. యూ కాంట్ గో అలోన్."

"వెళ్తానమ్మా."

"యూ కాంట్ ఈవెన్ సీ ద స్టెప్స్!"

"అయితే అదే నేర్చుకుంటాను," అని పద్మిని ఫోను పెట్టేసింది. పక్కనే కూర్చున్న నిఖిల వైపు, అంటే నిఖిలకు కాస్త పక్కగా, తిరిగింది. "విన్నావుగా. ఎలా నేర్చుకోవాలో చెప్పు."

"కంటి క్లినిక్‌ల తెల్ల కర్ర ఇచ్చిన్రా?"

"ఇచ్చారు. తగిలించిన కోట్ల వెనకాల ఉంది."

"అది బయటికి తీస్తేనే నేనొస్తా."

పద్మినికి ఇది కష్టమైన మాట. ఊళ్ళోని తెలుగు వాళ్ళందరిలోనూ ఆమె పనిమంతురాలు. ఎవరింట పురుడైనా, ఎవరికి ఆపరేషనైనా ముందు ఆమెకే ఫోను. చేతిలో ఆ కర్ర చూస్తే ఇక ఎవరూ చేయరు.

"సిగ్గా ఆంటీ? వెనిస్‌ల మిమ్మల్ని గుర్తుపట్టేటోళ్ళు ఎవరున్నరు?"

"వెనిస్‌లో లేరే పిల్లా. ఇక్కడున్నారు."

అయినా మరునాడు కర్ర బయటికి వచ్చింది. సస్కటూన్‌లో నది మీద వంతెనలకు కొదవ లేదు. నిఖిల బేకరీ నుంచి రాగానే, పొద్దు పొడిచే వేళకు, ఇద్దరూ నదిగట్టుకు వెళ్ళేవారు. వంతెన పక్క మెట్ల మీద మంచు గట్టిపడి ఉండేది. చలికి కనురెప్పలు అతుక్కొనేవి. కర్రను ఈడ్చవద్దు, తాకించమని నిఖిల అనేది. ఎక్కేటప్పుడు కన్న దిగేటప్పుడు నెమ్మది అనేది. దారి అడగటానికి నోరుండగా కళ్ళను విసిగించవద్దనేది. ఒకనాడు పద్మిని జారి కూలబడింది. నిఖిల చెయ్యి అందించబోతే వద్దన్నది.

"వెనిస్‌లో నువ్వుండవు కదా," అని కర్ర ఊతగా తానే లేచింది.

భయపడిందే జరిగింది. ఒక ఉదయం కుక్కను నడిపిస్తూ శాంత ఎదురైంది. ఆ వచ్చేది శాంత అని పద్మినికి కుక్క మెడగంట వల్ల తెలిసింది. కర్రను వెనక్కు దాచాలని చెయ్యి కదిలింది. దాచలేదు.

"ఎన్నాళ్ళయిందే?" అన్నది శాంత చివరికి.

"ఏడాది దాటింది."

"అయితే మొన్న దీపావళికి నా కొత్తచీర బాగుందన్నావే?"

"బాగుండకుండా ఎలా ఉంటుందిలే అని."

శాంత నవ్వబోయి ఏడ్చింది. ఆ సాయంత్రం ఊరందరికీ తెలిసింది. మరునాడు పద్మిని ఫోను మోగుతూనే ఉంది. పురుటికి సాయం రమ్మని కూడా ఒకరు చేశారు. క్రిస్మస్ సెలవులకు విద్య వచ్చింది, తల్లిని మాన్పించాలనే వచ్చింది. ఒక ఉదయం దూరంగా నిలబడి, తల్లి ఆ మంచుమెట్లు ఒంటరిగా ఎక్కి దిగటం చూసింది. ఇంటికి వచ్చాక మారుమాట లేకుండా అమ్మ పెట్టెలో అదనంగా రెండు జతల మేజోళ్ళు సర్దింది.

పద్మిని వెనిస్ చేరి, ఊరి ఉత్తరపు అంచున యాత్రికులు దిగని కన్నరేజో పేటలో ఒక ముసలామె ఇంట గది తీసుకొన్నది. రెండు రోజులు ఎక్కడికీ పోలేదు. బస్తా అంతా కుమ్మరించటం ఆమె అలవాటు కాదు. ఆ ఒక్క పేటలోనే తిరిగి, రొట్టెల కొట్టు వాసననూ, కాలువ నీటి చప్పుడునూ గుర్తుగా పెట్టుకొని ఇంటికి తిరిగి రావటం నేర్చుకొన్నది. అక్కడి వంతెన మెట్ల అంచులకు తెల్లరాయి వేసి ఉంది. మసక వెలుతురులో చూపు కింది అంచుకు ఆ తెల్లగీత చక్కగా అందుతోంది. ఈ మాట ఎవరూ ఆమెకు చెప్పలేదు.

జనవరి 12, గురువారం. ధనుర్మాసం. ఇంట్లో ఉన్నట్టే చీకటితో లేచి స్నానం చేసి బయలుదేరింది. పొగమంచు కాలువలను మూసివేసింది. చర్చి ముందరి పెద్ద చౌకు చేరేసరికి అక్కడ వీధులూడ్చేవారు, పావురాలు తప్ప మరెవరూ లేరు. పగలు యాత్రికులు బారులు తీరే వాకిలి మూసి ఉంది. తెల్లవారి పూజకు వచ్చే ఊరివారికోసం పక్కగా చిన్న తలుపు తెరుస్తారని ఇంటి ముసలామె చెప్పింది. అక్కడ నిలబడ్డ కాపలావాడు ఇంగ్లీషులో అడిగాడు.

"ప్రార్థనకా?"

"ప్రార్థనకే," అన్నది పద్మిని. అబద్ధం కాదు.

లోపల చీకటి. ముందు వరుసల్లో కొద్దిమంది వృద్ధులు. పాదాల కింద నేల అలల్లా ఎగుడుదిగుడుగా ఉంది. బెంచీ మీద కూర్చొని తల ఎత్తి చూసింది. నల్లని మచ్చ తప్ప ఏమీ లేదు. ఇంత దూరం వచ్చి మచ్చను చూడటమా అనుకొన్నది. కాని లేవలేదు. గింజ తడిసిన నాడే మొలక చూడాలనుకోవటం ఆమె వృత్తిలో లేదు. పూజారి మంత్రం సాగుతోంది. ఆమె పైకప్పు సంగతి వదలి, పక్కన ఉన్న స్తంభం వైపు చూపు నిలిపింది. అప్పుడు, ఎవరో దీపాలు పెంచినప్పుడు, చూపు అంచున బంగారం మేల్కొన్నది. తల తిప్పితే ఆరిపోతుంది. స్తంభాన్నే చూస్తుంటే వెలుగుతుంది. గాజుగింజలు వేటికవే, ఒకటి వాలుగా, ఒకటి నిటారుగా, పరచిన విత్తనాల్లా కాంతిని తలా ఒక దిక్కుకు పంపుతున్నాయి. అడ్డంగా ఒక్క భుజమూ, ఒక్క ఫోనూ, ఒక్క కోటూ లేదు. అంచులన్నీ ఆమెవే. పూజ ముగిసి కాపలావాడు వచ్చి మర్యాదగా దగ్గేవరకు ఆమె ఆ స్తంభాన్నే చూస్తూ కూర్చున్నది.

బయట ఎండ పడేసరికి చౌకు నిండసాగింది. ఆమె ఎదురు వచ్చేవారిని కర్రతో తప్పించుకొంటూ తన పేటకు తిరిగి వచ్చి, నిఖిల పనిలోకి దిగే సమయం చూసి ఫోను చేసింది. అవతల రొట్టెల పళ్ళేల చప్పుడు.

"కనిపించిందా ఆంటీ?"

"కనిపించింది. దానివైపు చూడకుండా చూశాను."

"నాకు సమజ్ కాలే."

"వచ్చాక చెప్తాలే. నువ్వు రొట్టె మాడ్చకు."

పద్మిని జనవరి 17న సస్కటూన్ తిరిగి వచ్చింది. మరుసటి ఏడు ఆకురాలు కాలానికి ఆమె కుడికంటి అంచుచూపు కూడా బాగా తగ్గింది. ఎడమకన్ను నిలకడగా ఉంది. కర్ర మళ్ళీ కోట్ల వెనక్కు పోలేదు. రాజగోపాల్, శాంత 2023 జూనులో పది దేశాలూ తిరిగి వచ్చారు. వెనిస్‌లో వారి బస్సు రెండు గంటలు ఆగింది. అటు తరువాత శాంత పద్మిని దగ్గర ఆ చిన్న తలుపు ఏ పక్కనో తెలుసుకొని, ఒక జనవరిలో భర్తను తీసుకొని వెళ్ళింది. నిఖిల 2024లో చదువు ముగించి ఊళ్ళోనే ఒక విత్తనాల కంపెనీలో చేరింది. పద్మినితో 2025 జనవరిలో వెనిస్ వెళ్ళటానికి ఆరు నెలల ముందే వీసాకు అప్లై చేసి, ఎడ్మంటన్ వెళ్ళి వేలిముద్రలు ఇచ్చి, వీసా పొందింది. ఈసారి పద్మిని, పిల్లను అడిగిన తరువాతనే టిక్కెట్లు కొన్నది. ఇద్దరూ కలిసి వెళ్ళారు.