గాజుల చప్పుడుకి వచ్చిన ముసలమ్మ

ఫ్లోరిడాలో మా ఇంటి నుంచి కారులో వెళ్లేంత దూరంలో, దెబ్బలు తగిలిన మెనాటీలను ఉంచి చూసుకునే కేంద్రం ఒకటి ఉంది. మెనాటీ అంటే నీళ్లలో బతికే జంతువు. గేదె అంత ఒళ్లు, బూడిద రంగు, మూతి నిండా గరుకు మీసాలు. తినేదంతా ఆకే. అంత ఒళ్లున్నా కోపం అంటే ఏమిటో తెలియదు.

హైస్కూల్లో చదివే మా మనవరాలికి వాలంటీర్ గంటలు, అంటే బడి లెక్కకి జీతం లేకుండా ఎక్కడైనా పనిచేసిన గంటలు, కావలసి వచ్చాయి. పెద్దవాళ్లు తోడుంటేనే రానిస్తామన్నారు ఆ కేంద్రంవాళ్లు. కూతురికీ అల్లుడికీ ఆఫీసు ఉంటుంది కనుక తోడు నేనయ్యాను.

మొదటి రోజే పేచీ వచ్చింది. చేతులకి ఏమీ ఉండకూడదు, నీళ్లలో పడితే అవి మింగేస్తాయి అంది అక్కడి ట్రైనర్. ఉంగరం తీసిచ్చాను. గాజుల దగ్గర ఆగిపోయాను. ఇంట్లో మా ఆయన నిక్షేపంగా టీవీ చూస్తుంటే ఇక్కడ నేను బోసి చేతులతో నిలబడనా?

"అమ్మమ్మా, జస్ట్ టూ అవర్స్. తాతయ్యకి ఏమీ కాదు" అంది మనవరాలు గొంతు తగ్గించి.

"నువ్వు ఊరుకోవే. కావాలంటే నేను కార్లో కూర్చుంటాను."

నేను కార్లో కూర్చుంటే దాని గంటలు పోతాయి. అది ట్రైనర్‌కి ఇంగ్లీషులో ఏదేదో చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి, మోచేతుల పైదాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ తెచ్చి, గాజుల మీదుగా తొడిగి, పైన టేపు చుట్టింది. ఇక పడే దారి లేదు. అలా నా మట్టిగాజులు నాతోనే లోపలికి వచ్చాయి.

మా పని లెట్యూస్ ఆకులు కడగడం, నీళ్లలో ముంచి వదలడం. ట్రైనర్ పని వాటికి పాఠం చెప్పడం. ఒక్కో మెనాటీకి ఒక్కో గుర్తు ఉండేది. ఒకదానికి గుండ్రం, ఒకదానికి ముక్కోణం. ఆ గుర్తు వేసిన పలకను కర్రకు కట్టి నీళ్లలోకి దించితే, ఎవరి పలక దగ్గరికి వాళ్లు వచ్చి మూతి ఆనించి నిలబడాలి. ఆనిస్తే తిండి. అలా నిలకడ నేర్చుకున్నవి డాక్టరుకి ఈదే రెక్క చాపి ఇస్తాయి, నీళ్లలో ఉండగానే రక్తం తీసేస్తారు. నేర్చుకోని దానికోసం మాత్రం కొలను నీళ్లన్నీ తోడేసి, నేల మీద చతికిలబడ్డ ఒంటిని మనుషులు అదిమిపట్టుకోవాలి.

అలా నేర్చుకోనిది అక్కడ ఒకటే. నేను దాన్ని ముసలమ్మ అనేదాన్ని. పడవ తగిలి చూపు బాగా దెబ్బతింది కనుక నదిలోకి వదలరు, ఇక బతుకంతా అక్కడే. నీళ్లు తోడిన ప్రతిసారీ రోజుల తరబడి ఆకు ముట్టేది కాదు. మళ్లీ రక్తపరీక్ష దగ్గర పడుతోంది. మిగిలిన కాస్త చూపుకి ఆనుతుందని ట్రైనర్ పెద్ద నల్లటి చతురస్రం ఉన్న పలక పట్టుకుని కొలను అంచున మోకాళ్ల మీద కూర్చునేది. ముసలమ్మ అటువైపే వచ్చేది కాదు.

నాకు దాని మీద జాలి వేసేది. నేనూ అక్షరాలు ఈ దేశం వచ్చాకే నేర్చుకున్నాను. మనవరాలు చిన్నప్పుడు ఆదివారం తెలుగు క్లాసులో దాన్ని దించి, వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చునేదాన్ని. బోర్డు మీద ఏది చూసినా ఒకేలా ఉండేది. ఇంటికొచ్చి ముగ్గుపిండితో గరాజ్ ముందు ఒక్కో అక్షరం వేయడం మొదలుపెట్టాకే పట్టుబడ్డాయి. కళ్లకి అందనివి వేళ్లకి అందాయి.

ఒక రోజు ట్రైనర్ పలక పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు. మనవరాలు ఇబ్బందిగా నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, నువ్వు దానికి సీక్రెట్‌గా ఎక్స్‌ట్రా లెట్యూస్ పెడుతున్నావా? అది ఎప్పుడూ నీ దగ్గరికే వస్తుందట."

"ఎందుకు పెడతాను? అందరికీ ఎంతో దానికీ అంతే."

"నువ్వు ఇంటికొచ్చిన వాళ్లందరికీ వద్దన్నా వడ్డిస్తావు కదా!"

"ఇంటికొచ్చినవాళ్లు వేరు. దీనికి పాఠం ఉందని నాకు తెలియదూ?"

మనవరాలు నా మాట ఇంగ్లీషులో చెప్పింది. ట్రైనర్ ఆకుల తొట్టి తీసేసి, నన్ను కొలను అవతలి వైపుకి తీసుకెళ్లి, వట్టి చేతులు నీళ్లలో పెట్టి ఆడించమంది. ఆడించాను. గ్లవ్స్ లోపల గాజులు గలగలమన్నాయి. దూరంగా అడుగున పడుకున్న ముసలమ్మ కదిలింది. మెల్లగా, తిన్నగా వచ్చి నా చేతికి మీసాల మూతి ఆనించి నిలబడింది.

ట్రైనర్ అరిచిన అరుపుకి ఆకులు కడిగేవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. "అది చూసి కాదు, చప్పుడు విని వస్తోంది!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. ఊపినకొద్దీ గాజులు మోగాయి. మోగినకొద్దీ ముసలమ్మ మూతి పైకెత్తింది.

మరుసటి వారం నా దగ్గరున్న డజను గాజులు పట్టుకెళ్లాను. ట్రైనర్ వాటిని గట్టి ప్లాస్టిక్ సీసాలో పెట్టి, నీరు చొరకుండా బిగించి, పలక ఉన్న కర్రకే కట్టింది. మొదట్లో ముసలమ్మ సీసా దాకా వచ్చి, నా వైపు తిరిగిపోయేది. అందుకని నన్ను వాటి తిండి సిద్ధం చేసే గదిలోకి పంపేశారు. కిటికీ అద్దంలోంచి చూస్తూ నిలబడేదాన్ని. నేను లేకుండా అది సీసాకి మూతి ఆనించి ఆగిన రోజు, అక్కడ ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

పరీక్ష రోజు నీళ్లు తోడే మోటారు దగ్గర మనిషిని సిద్ధంగా ఉంచారు. డాక్టరు మెట్టు మీద కూర్చుంది. ట్రైనర్ సీసా ముంచి ఆడించింది. ముసలమ్మ వచ్చింది, మూతి ఆనించింది, రెక్క చాపింది. సూది దిగినప్పుడు ఒక్కసారి ముక్కుల్లోంచి బుస్సుమని గాలి వదిలి డాక్టరు మొహం తడిపింది, అంతే. కదల్లేదు. పని అయ్యాక ఇంకా రెక్క చాపుకునే ఉంది.

"అయిపోయిందే తల్లీ, ఇక తియ్యి" అన్నాను అద్దం ఇవతలి నుంచి.

మోటారు దగ్గర మనిషి తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ముసలమ్మ ఆకుల తొట్టి ఖాళీ చేసింది.

ఇంటికొచ్చి అంతా చెబితే మా ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పకుండా విన్నాడు.

"అయితే నా పేరు చెప్పి వేసుకున్న గాజులు దానికి పనికొచ్చాయన్నమాట."

"మీరు పిలిస్తే ఏనాడైనా పలికారా? అది పలికింది."

"నాకూ లెట్యూస్ పెట్టి చూడాల్సింది" అన్నాడు.