నలభై అడుగుల తేడా

మా హేతువాద సంఘం కంప్యూటర్‌లో వేసుకోవడానికి మంచి కాలిక్యులేటర్ ప్రోగ్రాం ఎంచే పని నామీద పడింది. నర్సీపట్నంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మూడు ప్రోగ్రాములు చూస్తే, రెండింటిలో కరెంటుతోపాటే మెమరీ పోయింది. మూడోదాని మెమరీలో 360 వేసి, స్విచ్ తీసి, మళ్లీ ఆన్ చేశాను. అంకె అలాగే ఉంది. దాన్నే ఖాయం చేశాను.

ఆ వారమే దాని మెమరీలో కూడుతూ బోర్ల లెక్క కట్టాను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లెక్కడ పడతాయో చెప్పే ముసలాయన ఒకరు రోలుగుంటలో ఉన్నారు. ఆయన చూపినచోట తవ్విన తొమ్మిది బోర్లకు, ఎవరూ చూపకుండా తవ్విన తొమ్మిదింటికి నీరు పడ్డ లోతుల సగటు తీశాను. ఆయనవే నలభై అడుగులు ఎక్కువని తేలింది. ఆయన్ని సభకు పిలిచి మరీ ఆ అంకె మైకులో చదివాను. మీ కాయ పచ్చడికి పనికొస్తుందన్నాను. జనం విరగబడి నవ్వారు.

"ఆ లెక్క ఇంకోసారి కట్టి సూడండి బాబూ" అన్నారాయన.

కంప్యూటర్‌కి రెండోసారి అక్కర్లేదన్నాను.

మర్నాడు వ్యాసం రాద్దామని కాగితం మీద కూడితే రెండు సగటులూ ఒక్కటే. పరీక్షకు వేసిన 360ని నేను తుడవలేదు. మొదట కూడిన ఆయన బోర్లలో అది కలిసిపోయింది; రెండో తొమ్మిదీ కూడేముందు మాత్రం మెమరీ తుడిచాను. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా నలభై.

కొబ్బరికాయకు మహిమ లేదన్న నా వాదం అప్పటికీ నిలిచే ఉంది. ఆ వాదం చాటున దాక్కుని నెల రోజులు నోరు మెదపలేదు. ఊరందరినీ రుజువులు అడిగిన నోరది.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎవరో ఆయన్ని పిలవడం విన్నాను. "ఏటి నలబై అడుగులూ, టీ తాగవా?" ఆయన తలవంచుకుని నడిచిపోయారు. వెంటపడి జరిగింది చెప్పాను.

ఆయన కోప్పడలేదు. "నా సెవిలో సెప్తే ఏటి లాభం బాబూ? మైకులో సెప్పండి."

చెప్పాను. తరువాతి సభలో 'చిన్న సవరణ' అని ఒక్క వాక్యం గబగబా చదివి, మూఢనమ్మకాల మీద అరగంట దంచాను. చప్పట్లు మోగాయి. ఆయన్ని నవ్వులపాలు చేసింది నా తప్పేనని, క్షమించమని ఆ అరగంటలో ఎక్కడా అనలేదు. ఆ మాట కోసమే ఆయన వచ్చి చివరి వరసలో కూర్చున్నారని నాకు తెలుసు.