మైనపు పోలీసు ముక్కు

కర్పూరం వెలిగించి, దాని మీద అరచెయ్యి కొట్టి చెబుతున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మా పుదుచ్చేరిలో ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు. కోర్టులో ధైర్యంగా అబద్ధమాడినవాళ్ళు కూడా కర్పూరం ముందు నోరు మూసుకుంటారు. నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి.

మా మేనమామ సేదరపేట్‌లో ఒక కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ పని చాలక మురుంగపాక్కంలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని మైనంతో కాళ్ళూ చేతులూ పోసేవాడు. చర్చి దగ్గర అవి బాగా పోతాయి. మోకాలు నొప్పి తగ్గితే మైనపు కాలు, విరిగిన చెయ్యి అతుక్కుంటే మైనపు చెయ్యి తీసుకెళ్ళి మాతకు సమర్పించుకుంటారు. మొక్కుకునేవాళ్ళలో మా హిందువులూ తక్కువేం కాదు. ఊళ్ళో సగం మోకాళ్ళు తన చేతుల మీదుగానే బాగయ్యాయని మామ చెప్పుకునేవాడు. ఈ గొప్పలు చెప్పే గుణం నాకు మా అమ్మ వైపు నుంచే వచ్చింది.

ఆయనకు ఒకటే కొరత.

"ఇన్నేళ్ళుగా కాళ్ళూ చేతులే పోస్తా ఉండాను. కన్ను మూసేలోగా ఒక్క మనిషిని నిండుగా చెయ్యాల రా" అనేవాడు.

ఒకరోజు ఒక పెద్దమనిషి షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. బీచికి రెండు వీధుల ఇవతల పాత ఫ్రెంచి ఇల్లొకటి తీసుకున్నాడట. అందులో మైనపు బొమ్మల మ్యూజియం పెడతాడట. కూర్చుని తమిళంలో దాని చరిత్రంతా చెప్పాడు. పూర్వం ఫ్రాన్సులో రాజు మీద జనం తిరగబడినప్పుడు, తెగిన తలలకు అచ్చులు తీసి మైనం పోసిన ఆడమనిషి ఒకతె ఉండేదట. తర్వాత తన బొమ్మల్ని బండ్లకెక్కించి, సముద్రం దాటించి, ఇంగ్లండులో ఊరూరా తిప్పి, చివరికి లండన్‌లో ఒక హాలు పెట్టి స్థిరపడిందట. మామ అంతా విని, ఆమెకు తలలు దొరికినాయి, నాకు కాళ్ళు దొరికినాయి, ఎవరైనా యాడో ఒక చోట మొదలుపెట్టాల గదా అన్నాడు.

ఆ మాటకు ఓనరు పడిపోయాడు. పడిపోయినా షరతు మాత్రం పెట్టాడు. మన ఊరి ఎర్ర టోపీ పోలీసును ఒకణ్ణి చెయ్యి, వాకిట్లో నిలబెడదాం. నచ్చితే తక్కిన బొమ్మలన్నీ నీకే. నచ్చకపోతే బయటి ఊరి నుంచి తెప్పించుకుంటాను.

పోలీసుకు ముఖం కావాలి కదా. నా ముఖం తీసుకున్నారు. మా ఇళ్ళలో ఖాళీగా ఉన్న ముఖం అదొక్కటే.

కొబ్బరినూనె పూసి, ముక్కులో రెండు స్ట్రాలు దూర్చి, పైన ప్లాస్టరు పోశారు. గట్టిపడేదాకా పెదవి కదపకూడదు. నేను నోరు మూసుకుని ఉండే వింత చూడటానికి బాహూరు నుంచి చుట్టాలు బైకుల మీద వచ్చారు. మా పిన్ని ఒకావిడ చాలాసేపు తృప్తిగా చూసి, వారానికొకసారి ఇట్లా పోస్తా ఉండండి, ఒంటికి మంచిది అని చెప్పి పోయింది.

అచ్చులో మైనం పోసి, అటూ ఇటూ తిప్పి, మిగిలింది వంచేసి మామ తల తీశాడు. గాజు కళ్ళు అమర్చాడు. సూది కాల్చి, కనుబొమల్లో వెంట్రుకలు ఒక్కొక్కటే గుచ్చాడు. ఒంటికి కర్రలూ గడ్డీ, పైన యూనిఫారం. పాదాలు మాత్రం, బూట్లలో ఎవరికీ కనబడవని తెలిసినా, వేళ్ళ గోళ్ళతో సహా చెక్కాడు. చేసిన తప్పు ఒకటే. వాడింది కొవ్వొత్తి మైనం. బొమ్మలకు తేనెమైనంలో గుగ్గిలం కలిపి గట్టి చెయ్యాలన్నది అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

ఓనరు చూడటానికి వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆటోలో పోలీసును తీసుకెళ్ళి ఆ ఇంటి వాకిట్లో నిలబెట్టాం. మా ఇళ్ళలో కొత్త బైకైనా కొత్త గ్రైండరైనా కర్పూర హారతి పడకుండా పని మొదలుపెట్టదు. మైనపు మనిషికి మాత్రం వద్దని ఎవరికి తోస్తుంది? మామ ఓనరుకు ఎదురు వెళ్ళాడు. అత్త పళ్ళెంలో గుప్పెడు కర్పూరం వెలిగించి, పాదాల నుంచి పైదాకా మూడుసార్లు తిప్పి, మూడోసారి ముఖం ముందు కాసేపు ఆపింది.

మొదట ముక్కు చెమట పట్టినట్టు మెరిసింది. తర్వాత మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు, పై పెదవి మీదికి దిగింది. ఎడమ చెంప దాని వెనకే బయల్దేరింది.

సరిగ్గా అప్పుడే మామ లోపలికొచ్చాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎవురు ఇంత దగ్గరగా చూపించింది?"

"నేనే" అంది అత్త, పళ్ళెం పట్టుకుని.

ఓనరు ప్రహరీ బయట కారు దిగి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ ఫోను చేసినవాణ్ణి దేవుడు చల్లగా చూడాలి, పావుగంట వదల్లేదు. ఆ పావుగంటలో యూనిఫారం, బూట్లు, టోపీ బొమ్మ మీంచి నా మీదికి వచ్చాయి. అచ్చు నాదే కదా. బొమ్మను వెనక గదిలో చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాం. నేను వాకిట్లో నిలబడ్డాను.

ఓనరు నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెవి గిల్లి చూశాడు. నా ముక్కు మీద ఈగ వాలింది. దుమ్ము పడతా ఉంది సారూ అని అత్త కొంగుతో విసిరింది. చివరికి ఆయన పెదవి విరిచాడు.

"పని శుభ్రంగానే ఉంది. ముఖంలో ప్రాణం లేదు. బతికున్న మనిషి ఇట్లా ఉండడు."

మామ తల దించుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ ముఖంతోనే బతుకుతున్న నాకెలా ఉండాలో మీరే ఆలోచించండి.

ఓనరు చేతులు కడుక్కుందామని వెనక్కి వెళ్ళాడు. దుప్పటి కింద నుంచి రెండు పాదాలు కనబడ్డాయి. అంత బాగా చేసిన పాదాలు చూసి ఊరుకోలేక దుప్పటి లాగాడు. వాలిన ముక్కు, జారిన చెంప, ఒక పక్కకి దిగిన పెదవి. మధ్యాహ్నమంతా సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడి, ఇంటికొచ్చి, బూట్లు విప్పి ఒరిగిన పోలీసు. ఓనరు మామను కేకేశాడు. ఇతన్ని నేను రోజూ చూస్తాను, ఇతన్ని దాచిపెట్టి ఆ మొద్దును ఎందుకయ్యా నిలబెట్టావు అన్నాడు.

ఆ మొద్దును వెంటనే తీసేయమన్నాడు. మామ, అత్త చెరో పక్క పట్టుకుని నన్ను దూలంలా ఎత్తుకుపోయారు. "బొమ్మకింత బొజ్జ ఏందిరా" అని మామ నా చెవిలో గొణిగాడు. అంతకుముందుగాని ఆ తర్వాతగాని ఆయన గొంతులో అంత సంతోషం నేను వినలేదు.

అప్పటినుంచి మామ చాలామందిని నిండుగా పోశాడు, తేనెమైనంతోనే. అయితే కొత్త బొమ్మకు కళ్ళు పెట్టే రోజు అత్తను షెడ్డు గుమ్మం దాటనివ్వడు. పదిమందిలో ఆమెను "ముక్కులు కరిగించే మహాతల్లి" అంటాడు. అందరూ నవ్వుతారు. అత్త కూడా నవ్వి, గుమ్మం బయటి నుంచే దణ్ణం పెట్టుకుంటుంది.

ఇక ఒట్టు సంగతి. నేను బొమ్మలా నిలబడటమే కల్పన అనుకుంటున్నారు కదూ. కాదు. చెవి మీద ఓనరు గోటి గాటు వారం రోజులుంది. నేను కల్పించింది ఒక్కటే, ముఖం ముందు పళ్ళెం ఆపిన చెయ్యి. అత్త బొమ్మ పాదాల దగ్గర ఒకసారి చూపించి చాల్లే అంది. పళ్ళెం నేను లాక్కున్నాను. తన ముఖానికి తనే హారతి ఇచ్చుకునే అదృష్టం ఎంతమందికి పడుతుంది? ముక్కు జారుతుండగా మెట్ల మీద మామ చెప్పుల చప్పుడు వినిపించింది. అత్త నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది.

వాళ్ళిద్దరికీ తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఆ ధైర్యంతోనే మొదట ఇదంతా అత్త మీద పెట్టి రాశాను. ఈ ఆదివారం మామ ఒక కొత్త బొమ్మకు కళ్ళు పెడుతున్నాడు. ఈ కాగితాలు తీసుకెళ్ళి, ఇద్దరూ ఉండగా, ఒట్టు దగ్గర్నుంచి ఇక్కడిదాకా పైకి చదువుతాను. ఆ తర్వాత అత్త లోపలికి వెళ్తుంది. గుమ్మం బయట నిలబడేది నేను.